వసారాలో కొట్టు, వెనుక గదిలో పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బొమ్మల కొలువుల రోజులు దగ్గరపడడంతో చేతిపనుల దుకాణాలను గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. పండుగకు ఏమి కొనాలి, ఎక్కడ కొనాలి అని అడిగినవాటిని పక్కన ఉంచి, ఒకే కుటుంబం తయారుచేసి తానే అమ్ముకునే దుకాణం ఎలా పుట్టింది, ఎలా నిలుస్తోంది అని అడిగిన ఉత్తరాలను ఈ సంచికకు ఎంచుకున్నాను.

ప్రశ్న: పిల్లలతో కొండపల్లి ఖిల్లా చూసి దిగి వస్తూ బొమ్మల కాలనీలో ఆగాము. ఇంటింటి ముందూ దుకాణమే. మేము కొన్న అంబారీ ఏనుగుకు ఆ ఇంటి ఇల్లాలే రంగులు వేశారట. బొమ్మల పని నాలుగు వందల ఏళ్ళనాటిదని అందరూ అంటారు గాని, ఈ కుటుంబ దుకాణాలు ఎలా మొదలయ్యాయో ఎవరూ చెప్పలేదు. దయచేసి వివరిస్తారా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: మీకు ఎవరూ చెప్పకపోవడానికి కారణం ఉందమ్మా. కొండపల్లిని గురించి రాసినవారంతా బొమ్మను గురించి రాశారు. బొమ్మ చేతులు మారిన చోటును గురించి రాసినవారు బహు తక్కువ. పనికి ఉన్న వయస్సు ఒకటి, దుకాణానికి ఉన్న వయస్సు మరొకటి. మీరు చూసిన ఇంటిముందు కొట్టు, వందల ఏళ్ళ పనికి ఇటీవలి దశాబ్దాల్లో వచ్చి చేరిన భాగం.

కొండపల్లి బొమ్మలు చేసే కుటుంబాల్లో చాలామంది ఆర్యక్షత్రియులు. తమ పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వలస వచ్చారని, శివుని వరంతో శిల్పవిద్య నేర్చిన ముక్తర్షి తమ మూలపురుషుడని వారు చెప్పుకుంటారు. ఆ వలస 16వ శతాబ్దంలో జరిగిందని సాధారణంగా చెబుతారు. ఎప్పుడు వచ్చినా, వారిని ఇక్కడ నిలబెట్టింది మాత్రం ఆ కొండల మీద దొరికే తెల్లపొణికి కర్ర. చెక్కడానికి మెత్తగా, చేతికి దూదిలా తేలికగా ఉండే ఆ కర్ర లేకపోతే కొండపల్లి బొమ్మ లేదు.

కోట నీడన ఉన్న ఊళ్ళో చేతిపనివారికి మొదటి కొనుగోలుదారులు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు: కోటలోని అధికారులు, చుట్టుపక్కల జమీందారులు, కలిగిన ఇళ్ళవారు. ఏనుగు, దాని మీద అంబారీ, అంబారీలో ప్రభువు. ఈ బొమ్మను ఎవరి కళ్ళు చూసి సంతోషించాలని చేశారో బొమ్మే చెబుతుంది. వీరికన్నా నికరమైన గిరాకీ బొమ్మల కొలువు వల్ల వచ్చింది. కోస్తాలో సంక్రాంతికి, కొన్ని ఇళ్ళలో దసరాకు కొలువు పెడతారు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలనే పట్టింపు చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. రాజ్యాలూ సంస్థానాలూ పోయిన తరువాత కూడా ఈ పనిని బతికించిన ఆధారాల్లో ఆ చిన్న పట్టింపు ముఖ్యమైనదని నా నమ్మకం.

అయితే ఆ రోజుల్లో బొమ్మను చేసినవారికీ కొన్నవారికీ మధ్య ఎవరో ఒకరు ఉండేవారు. సరుకు టోకున వర్తకుడి చేతికి వెళ్ళేది, లేదా గంపల్లో తిరునాళ్ళకూ సంతలకూ వెళ్ళేది. కర్రకూ రంగుకూ వర్తకుడి దగ్గర బయానా తీసుకున్న కుటుంబం, తయారైన బొమ్మను ఆయనకే, ఆయన కట్టిన ధరకే ఇవ్వవలసి వచ్చేది. చేనేతలో మన పెద్దలు చూసిన పరిస్థితే ఇది. తన బొమ్మ ఎవరి ఇంటికి చేరిందో, వారు దానికి ఎంత ఇచ్చారో చెక్కినవారికి తెలిసే దారి లేదు.

స్వాతంత్ర్యం తరువాత ఈ మధ్య స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చట్టోపాధ్యాయ దానికి అధ్యక్షత వహించారు. చేతిపనివారు సహకార సంఘాలుగా కూడాలి, వారి సరుకును నగరాల్లోని ఎంపోరియాలు, అంటే ప్రభుత్వ హస్తకళల దుకాణాలు, మంచి ధరకు అమ్మాలి అన్నది ఆ కాలపు ఆలోచన. మన దగ్గర ఆ ఎంపోరియాల పేరు లేపాక్షి. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో గాని, ఢిల్లీ బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో గాని లేపాక్షిలో కొన్న దశావతారాల సెట్టు గత తరం మధ్యతరగతి ఇళ్ళలో షోకేసు మధ్య అరలో ఉండేది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో అదే పని గోల్కొండ పేరుతో సాగుతోంది. ఎంపోరియం వల్ల కుటుంబాలకు నిలకడగా ఆర్డర్లు వచ్చాయి, ధరలో కొంత స్థిరత్వం వచ్చింది. కాని కొనేవారి ముఖం మాత్రం అప్పటికీ కనబడలేదు.

అది కనబడింది మేళాలలో. హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా 1987లో మొదలైంది. హైదరాబాద్ మాదాపూర్‌లో శిల్పారామం 1992లో, ఢిల్లీలో దిల్లీ హాట్ 1994లో వచ్చాయి. వీటిలో స్టాలు దళారికి ఇవ్వరు, పనివారికే కొద్ది రోజుల చొప్పున వంతులవారీగా ఇస్తారు. కుటుంబమంతా సరుకుతో రైలెక్కి వెళ్ళి, పగలంతా స్టాలులో కూర్చుని, వచ్చినవారికి తామే ధర చెప్పుకోవడం అక్కడ అలవాటైంది. ఏ రంగు ముందు అమ్ముడుపోతుంది, ఏ సైజు సూట్‌కేసులో పడుతుంది, ఇంత ధర ఎందుకని అడిగిన వారికి ఏమని చెబితే ఒప్పుకుంటారు అన్నవన్నీ మేళా నేర్పింది. నా అంచనాలో ఇంటిముందు కొట్టుకు అసలు బడి మేళాయే. అక్కడ అమ్మడం వచ్చిన కుటుంబం ఇంటికి తిరిగి వచ్చి, వసారాలో ఒక అద్దాల బీరువా పెట్టుకుంది. విజయవాడకు 20 కిలోమీటర్ల దూరంలోనే ఊరు, పైన ఖిల్లా, దసరాకు ఇంద్రకీలాద్రికి వచ్చే లక్షలాది భక్తులు, కార్తీకంలో వనభోజనాలకు కార్లలో వచ్చే కుటుంబాలు, ఇవన్నీ ఆ బీరువాను దుకాణంగా మార్చాయి.

ఇంకొక ఒత్తిడి కూడా ఉంది. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు (ఇంతకు మించి తేరాదనే హద్దులు) తొలగిన తరువాత విదేశీ ప్లాస్టిక్ బొమ్మలు చౌకగా వచ్చి పడ్డాయి. పిల్లలు ఆడుకునే వస్తువుగా కర్రబొమ్మ ఆ పోటీలో నిలవలేకపోయింది. ఊరు చూసిన గుర్తుగా, కొలువులో పెట్టే వస్తువుగా, పెళ్ళిలోనూ గృహప్రవేశంలోనూ ఇచ్చే కానుకగా అది నిలిచింది. అలాంటి వస్తువును, పుట్టిన ఊళ్ళో, చేసినవారి చేతి మీదుగా కొనాలని జనం కోరుకుంటారు. అందుకే బజారులో బొమ్మల కొట్లు తగ్గిన కాలంలో ఊళ్ళో ఇంటి కొట్లు పెరిగాయి.

మీరు ఇల్లాలి ప్రస్తావన చేశారు. నాకు అది చాలా ముఖ్యంగా తోచింది. ఈ పనిలో సాధారణంగా చెక్కడం మగవారిది, రంగులు ఆడవారివి. ఒక ఏనుగు తయారీని దగ్గరగా చూడండి. అది ఒక్క దుంగలోంచి రాదు. ఒళ్ళు, తొండం, చెవులు, అంబారీ విడివిడిగా చెక్కుతారు. కర్రలోని తేమ పోయేదాకా ముక్కలను సన్నని సెగ మీద ఆరబెడతారు. చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి చేసిన మక్కుతో ముక్కలను అతికి, అతుకులను పూడ్చి, ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూస్తారు. అప్పుడు బొమ్మ ఆడవారి చేతికి వస్తుంది. మేక వెంట్రుకల సన్నని కుంచెతో ఏనుగు వీపున కప్పిన బట్ట మీద పువ్వులు, చివరగా కన్ను. వర్తకుల కాలంలో ఈ చేతులకు పేరూ లేదు, విడిగా కూలీ లెక్కా లేదు. వసారాలో కొట్టు వచ్చాక, రంగు వేసినవారే గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఇది నేను వేసిందే అని చెప్పగలుగుతున్నారు. కుటుంబ దుకాణం తెచ్చిన మార్పుల్లో నేను అన్నింటికన్నా విలువ ఇచ్చేది దీనికే.

ప్రశ్న: ఒకే రకం బొమ్మకు నగరంలోని ఎంపోరియంలో ఒక ధర, ఊళ్ళో ఇంటి దుకాణంలో ఒక ధర, చార్మినార్ దగ్గర బజారులో మరో ధర. ఏది న్యాయమైన ధర? ఇంటి దుకాణంలో బేరం ఆడవచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మీరు చెప్పిన మూడూ దుకాణాలే గాని, మూడింటి వెనుక ఉన్న ఏర్పాట్లు వేరు. ఎంపోరియంలో మీరిచ్చే డబ్బులో బొమ్మ ఖరీదుతో పాటు నగరంలో అద్దె, ఉద్యోగుల జీతాలు, రవాణా, దారిలో విరిగిన సరుకు నష్టం, పన్ను కలిసి ఉంటాయి. అందుకు బదులుగా మీకు రసీదు, నాణ్యతకు ఒక పూచీ, ఊరికి వెళ్ళే శ్రమ లేకపోవడం దక్కుతాయి. నిర్మల్‌ది వేరే పద్ధతి. అక్కడ నకాషీల, అంటే బొమ్మలూ చిత్రాలూ చేసే పనివారి, సహకార సంఘం ఉంది. పని చేసే చోటూ అమ్మే చోటూ సంఘానివే. కర్ర పండ్లు, కూరగాయలు, బంగారు రంగు మెరిసే చిత్రాలు అక్కడే చేస్తారు, అక్కడే కొనవచ్చు. లాడ్ బజారు మరో రకం. చార్మినార్ పక్కనే ఉన్న ఆ గాజుల వీధిలో దుకాణాలు తరతరాలుగా కుటుంబాల చేతుల్లో ఉన్నాయి గాని, నిప్పుల మీద లక్కను కరిగించి కడియం చుట్టూ తిప్పి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ పొదిగేవారు సాధారణంగా దుకాణంలో కనబడరు. వారు గల్లీల్లోని ఇళ్ళలోనూ కార్ఖానాల్లోనూ ఉంటారు. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి వస్తువని చట్టం ఇచ్చే జి.ఐ. గుర్తింపు) వచ్చింది. ఆ పేరు తెచ్చిన లాభంలో గాజు చేసినవారి వాటా ఎంత అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ఇక ఇంటి దుకాణంలో బేరం. చట్టమేమీ అడ్డురాదు, కాని నేను ఆడవద్దనే చెబుతాను. బజారు వర్తకుడు బేరానికి వీలుగా ముందే ధర పెంచి చెబుతాడు. ఒక సరుకులో తగ్గించింది మరో సరుకులో రాబట్టుకుంటాడు. ఇంటి దుకాణంలో అమ్మకానికి ఉన్నది వారి పనిరోజులు. పొణికి కర్ర ఇప్పుడు కొండ ఎక్కి కొట్టుకొచ్చేంత సులువుగా దొరకడం లేదు. దానికి వెల పెట్టాలి, దొరికినప్పుడు నిల్వ చేసుకోవాలి, ఆరేదాకా ఆగాలి. పైగా అమ్మకం సంవత్సరమంతా ఒకేలా ఉండదు. దసరా నుంచి సంక్రాంతి దాకా వచ్చిన డబ్బుతోనే వానాకాలం గడపాలి. మీ దగ్గర ఉన్న డబ్బుకు పెద్ద ఏనుగు రాకపోతే, దాని ధర తగ్గించమని అడగడం కన్నా చిన్న ఏనుగు చూపించమని అడగండి. చాలా పర్యాటక స్థలాల్లో సందర్శకులను తీసుకొచ్చిన కారు డ్రైవరుకో గైడుకో దుకాణదారు కమీషన్ ఇచ్చే అలవాటు ఉంది. అది చివరకు మీ బిల్లులోనే పడుతుంది. కనుక దుకాణాన్ని మీరే ఎంచుకోండి. లోపల ఎవరైనా పని చేస్తున్నారా, చూడవచ్చా అని అడగండి. పని సాగుతున్న ఇంట్లో ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: మా బంధువులు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసి ఇంటి దగ్గరే అమ్ముతారు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ఆటబొమ్మలు అమ్మితే నేరమని ఎవరో భయపెట్టారు. కొట్టు మూసుకోవలసిందేనా? (ఒక పాఠకుడు, తుని)

జవాబు: మూసుకోనక్కరలేదు. భయపెట్టినవారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో ఆటబొమ్మలకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అది 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ప్రామాణిక గుర్తు, అంటే మీరన్న ఐ.ఎస్.ఐ. గుర్తు, తప్పనిసరి. అయితే అది అమలుకు రాకముందే, 2020 డిసెంబరులో చేసిన సవరణతో రెండు వర్గాలకు మినహాయింపు ఇచ్చారు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన పనివారు తయారుచేసి అమ్మే బొమ్మలు మొదటి వర్గం. భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వస్తువును దాని నమోదిత యజమాని లేదా అధీకృత వినియోగదారు (ఆ పేరు వాడుకోవడానికి నమోదైన తయారీదారు) తయారుచేసి అమ్మితే అది రెండవ వర్గం. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రాన ఊళ్ళోని ప్రతి ఇంటికీ మినహాయింపు దానంతట అది రాదు. మీ బంధువులు చేతిపనివారికి ఇచ్చే గుర్తింపు కార్డు తీసుకున్నారో లేదో, అధీకృత వినియోగదారులుగా నమోదయ్యారో లేదో ముందు చూసుకోవాలి. కార్డు నకలు ఒకటి కొట్టులో గోడకు తగిలించి ఉంచితే మాటకు మాట పెరగదు.

ఈ చట్టాల సంగతి అటుంచి, ఏటికొప్పాక కుటుంబాలకు నిజమైన రక్షణ వారి రంగుల్లోనే ఉందని నేను అనుకుంటాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిమెన (లేత్ యంత్రం) మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు లక్క కణికను ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలిరేకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది. మన అమ్మమ్మలు ఆడుకున్న లక్కపిడతలు ఇలా వచ్చినవే. మధ్యలో రసాయన రంగులు వచ్చి పనిని సులువు చేశాయి గాని, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అవి తగవు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటివాటి నుంచి తీసిన రంగులను లక్కలో కలిపే పద్ధతిని ఆ ఊరి సి.వి. రాజు గారు ఎన్నో ఏళ్ళు శ్రమించి పనివారిలోకి తెచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే ఢిల్లీ వీధుల్లో నడిచి, రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం పొందింది. మీ బంధువులు సహజ రంగులే వాడుతున్నట్లయితే ఆ సంగతి కొట్టు ముందు పెద్ద అక్షరాలతో రాయమనండి. బిడ్డ తల్లి మొదట అడిగేది అదే.

పెట్టుబడి అవసరమైతే, 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ కూడా ఒకటి. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా రుణం అందులో ఉన్నాయి.

ప్రశ్న: తోలుబొమ్మలు ఆడించే వంశాలవారు దీపాల గుళ్ళు (లాంప్‌షేడ్లు) చేసి అమ్ముకుంటున్నారు. కొండపల్లిలో తాళంచెవుల గొలుసులు చూశాను. పర్యాటకుల కోసం ఇలా మారిపోతే ఇక కళ ఎక్కడ మిగులుతుంది? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, కాని దానితో పూర్తిగా ఏకీభవించలేను. మీ పక్కనే, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న నిమ్మలకుంటనే తీసుకుందాం. అక్కడి కుటుంబాలు మేకతోలును శుభ్రం చేసి, పలుచగా గీకి, రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, రాత్రంతా రామాయణం ఆడించేవారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఆటకు పిలిచే ఊళ్ళు తగ్గిపోయాయి. అప్పుడు వారి ముందు రెండే దారులు ఉన్నాయి: తోలు పని వదిలి కూలికి పోవడం, లేదా అదే తోలును, అదే రంధ్రాల నేర్పును వేరే వస్తువులోకి మళ్ళించడం. వెలుతురు వెనుక నుంచి పడితే రంగు పలికే తోలు గనుక, దీపం గుడి ఆ నేర్పుకు తగిన వస్తువే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు గౌరవం పొందినది బొమ్మలాట. ఆ గౌరవం వచ్చే రోజు దాకా ఊళ్ళో పొయ్యి వెలగడానికి దీపం గుళ్ళు కూడా తోడ్పడ్డాయి.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. కొత్త వస్తువు పాత నేర్పును అడుగుతోందా లేదా అన్నది చూడాలి. దీపం గుడి మీద హనుమంతుణ్ణి పొడవాలంటే హనుమంతుడు చేతికి వచ్చి ఉండాలి. తాళంచెవుల గొలుసుకు వేలాడే చిన్న చిలుకకు అంత చేయి అక్కరలేదు. అది రోజుకు చాలా చేయవచ్చు, చవగ్గా అమ్మవచ్చు. కొట్టులో అలాంటివి ఉండడం తప్పు కాదు, బడిపిల్లలు కొనగలిగేది వాటినే. కాని ఇంట్లో ఎదుగుతున్న పిల్లవాడు చిలుకతోనే మొదలుపెట్టి చిలుకతోనే ఆగిపోతే, ఇంకో ఇరవై ఏళ్ళకు దశావతారాలు చెక్కే చేయి ఆ ఇంట్లో ఉండదు. ఇంకా ప్రమాదకరమైనది, తాము చేయని సరుకును బయటి నుంచి తెప్పించి సొంత సరుకు మధ్య పెట్టడం. యంత్రం మీద చేసిన పాలిష్ బొమ్మలు, పోత పోసిన విగ్రహాలు కొన్ని పర్యాటక ఊళ్ళ కొట్లలో ఇలాగే చేరాయి. వాటిలో లాభం ఎక్కువ, శ్రమ లేదు. క్రమంగా వెనుక గది గోదాము అవుతుంది, కుటుంబం చిల్లర వర్తకంలో పడుతుంది. అప్పుడు ఆ కొట్టుకూ బస్టాండులోని కొట్టుకూ తేడా ఉండదు. బస్టాండు కొట్టుతో పోటీలో అది నెగ్గలేదు కూడా.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి కొలువు పెడుతుంది. కొండపల్లి సెట్టు పంపాలి. విరగకుండా చేరుతుందా? మా ఇంట్లో రంగు వెలిసిన పాత బొమ్మలు కూడా ఉన్నాయి, వాటిని బాగుచేస్తారా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: పొణికి తేలిక కర్ర గనుక కొరియరు ఖర్చు అదే సైజు మట్టిబొమ్మ కన్నా తక్కువే అవుతుంది. ముందుగా విరిగేవి చెవులు, దంతాలు, చేతుల్లోని ఆయుధాలు. సర్దేటప్పుడు కాగితాన్ని బొమ్మ చుట్టూ చుట్టడంతో సరిపెట్టకుండా, చెవికీ ఒంటికీ మధ్య ఖాళీలో మెత్తగా కూరమనండి. తరచుగా బయటి దేశాలకు పంపే ఇంటి దుకాణాలవారికి ఇది బాగా తెలుసు. సర్దే పని వారికే వదలండి. కర్ర వస్తువుల విషయంలో ఆ దేశపు కస్టమ్స్ నియమాలేమిటో కొరియరువారిని అడిగి పంపండి. పాత బొమ్మలను నీళ్ళతో మాత్రం కడగకండి, తడి తగిలితే రంగూ పోతుంది, మక్కూ వదులుతుంది. పొడి కుంచెతో దుమ్ము దులిపి, ఊరికి తీసుకెళ్ళి చూపించండి. తమ ఊరి బొమ్మను బాగుచేసి ఇచ్చేవారు అక్కడ ఉంటారు. కాని మీ బొమ్మ రెండు మూడు తరాలనాటిదైతే, మొత్తం కొత్తగా రంగు వేయించవద్దని నా మనవి. విరిగిన భాగం అతికించి, వెలిసిన రంగును అలాగే ఉంచమని చెప్పండి.

ప్రశ్న: మా తాతగారి కాలం నుంచి మాకు చేతిపనుల కొట్టు ఉంది. ఇప్పుడు నాన్నగారు చూసుకుంటున్నారు. ఆ కొట్టు చరిత్ర రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: తప్పకుండా రాయండి. పైన చెప్పినట్టు, ఈ చరిత్రలో దుకాణం భాగం ఇంకా సరిగ్గా రాయబడలేదు. అది రాయగలిగినవారు మీవంటి కుటుంబాలవారే.

ముందు అటక దించండి. చిట్టా, ఆవర్జా పుస్తకాలు (రోజువారీ పద్దుల పుస్తకం, ఖాతాల పుస్తకం) దొరికితే అవే మీకు అసలు ఆధారం. ఏ నెలలో ఎంత అమ్మకం, ఎవరికి ఎంత బాకీ, రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి, పనివారికి కూలి ఎంత అన్నవి వాటిలో ఉంటాయి. మీది కలంకారీ కొట్టు అయితే అద్దకపు సరుకుల కొనుగోళ్ళు చూడండి. చెట్టు వేళ్ళూ కాయలూ కొన్న పద్దు ఆగిపోయి డబ్బా రంగుల పద్దు మొదలైన ఏడాది దొరికితే, అది ఒక అధ్యాయం. మనియార్డరు రసీదులు, ఆర్డరు ఉత్తరాలు, సహకార సంఘంలో వాటా పత్రాలు, మేళాలలో ఇచ్చిన బ్యాడ్జీలు, పాత కరెంటు బిల్లులు, దేన్నీ పారేయకండి. కొట్టు ముందు దిగిన ఫొటో ఒక్కటి ఉన్నా, దానిలో బోర్డు మీద ఏముంది, వెనుక అరల్లో ఏ వస్తువులు ఉన్నాయి అన్నది భూతద్దంతో చూడండి.

బయటి ఆధారాలకు జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథాలు) తిరగేయండి. 1961 జనాభా లెక్కలతో పాటు రాష్ట్రాలలోని చేతిపనుల మీద ప్రత్యేక సర్వేలు జరిగాయి. మన రాష్ట్రంలో ఎంపిక చేసిన చేతిపనులకూ సంపుటి వచ్చింది. పెద్ద గ్రంథాలయాల్లో అడిగితే దొరకవచ్చు. అందులో మీ ఊరి పని ఉంటే, మీ తాతగారి చిట్టాలోని ధరలను ఆనాటి అధికారులు రాసుకున్న ధరల పక్కన పెట్టి చూడవచ్చు. ఆ పోలికతో రాసిన నాలుగు పేజీలు, వంశ ప్రశస్తిగా రాసిన నలభై పేజీల కన్నా అందరికీ ఉపయోగపడతాయి.

అయితే పుస్తకాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. నాన్నగారినీ, ఆయన తోబుట్టువులనూ, ముఖ్యంగా ఇంటి ఆడవారినీ కూర్చోబెట్టి మాటలు రికార్డు చేయడం ఈ పండుగ సెలవుల్లోనే మొదలుపెట్టండి. మీ వ్యాపారం ఎలా ఉండేది అని అడిగితే రెండు ముక్కల్లో ముగిస్తారు. చిన్న చిన్న విషయాలు అడగండి. కొట్టు తీసిన మొదటి రోజు అరల్లో ఏమి పెట్టారు? మొదటి అప్పు ఎవరు ఇచ్చారు, ఎన్నేళ్ళకు తీరింది? ధర ఎవరు నిర్ణయించేవారు, తాతగారా, నాయనమ్మగారా? అమ్ముడుపోని సరుకు ఏమి చేసేవారు? తాతగారు మంచంపట్టిన రోజుల్లో గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారు? ఇంట్లో పని రాక బయటికి వెళ్ళినవారు ఎవరు, వచ్చి కూడా వదిలేసినవారు ఎవరు, ఎందుకు?